పైన నీళ్ళు, కింద నిప్పు: కీడుని చెప్పే జపాన్ అక్షరం 'సై' కథ

జపాన్‌లో ఇంజనీరింగ్ మాస్టర్స్ చెయ్యటానికి వెళ్ళిన కొత్తలో, నాకిచ్చిన హాస్టల్ గదిలో తలుపు వెనక ఒక ఎర్ర సంచి వేలాడుతూ కనిపించింది. దాని మీద తెల్లరంగుతో రెండు పెద్ద అక్షరాలు. పాత విద్యార్థి ఎవరో మర్చిపోయి వెళ్ళారేమో అనుకుని తీసుకెళ్ళి ఆఫీసులో ఇవ్వబోయాను. అక్కడి పెద్దావిడ నవ్వి, సంచి నాకే తిరిగిచ్చి, రెండో అక్షరం మీద వేలు పెట్టి "సై" అంది. "సరే" అంటోంది అనుకుని నేనూ "సై" అన్నాను. మనకి సై అంటే సిద్ధం అనేగా అర్థం!

ఆ అక్షరానికి అర్థం కీడు, ఆపద, విపత్తు అని తర్వాత తెలిసింది. అప్పటికింకా నా పరిస్థితి కొత్త ఇంట్లో గుమ్మానికి ఎదురుగా "అరిష్టం" అని రాసి తగిలించుకున్నట్టు అనిపించి రెండు రోజులు సంచిని మంచం కిందకి తోసేశాను. ఆ సంచి ఎందుకో, ఆ అక్షరం ఎందుకో అర్థం కావటానికి చాలా కాలం పట్టింది. పూర్తిగా అర్థమయింది మాత్రం ఇక్కడ అల్ నహ్దాకి వచ్చాకే. ఆ అక్షరం గురించి తెలిసినంతవరకూ ఒకచోట చెప్పాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

అక్షరం ఎలా ఉంటుంది?

జపాన్ వాళ్ళు చైనా నుంచి తెచ్చుకున్న అక్షరాలని కంజి అంటారు. మన అక్షరాలు శబ్దాన్ని చెప్తే కంజి అర్థాన్ని కూడా చెప్తుంది. రోజువారీ వాడకానికని ప్రభుత్వం ప్రకటించిన జాబితాలో 2136 కంజిలు ఉన్నాయి. అందులో 'సై' ఒకటి. ఐదో తరగతి పిల్లలకి నేర్పుతారు. మొత్తం ఏడు గీతలు.

పై భాగంలో మూడు విరుపు గీతలు పక్కపక్కన ఉంటాయి. అది పారే ఏరు. కింది భాగంలో నాలుగు గీతలు: కాళ్ళు చాపి నిలబడ్డ మనిషి లాంటి ఆకారం, దానికి అటొకటి ఇటొకటి రెండు రవ్వలు. అది నిప్పు. అంటే పైన వరద, కింద మంట. విడిగా చూస్తే ఒకదాన్ని ఒకటి ఆర్పుకోవాల్సినవి. ఈ అక్షరంలో మాత్రం రెండూ కలిసి మనిషి మీదకి వస్తాయి.

చైనా పాత రాతల్లో ఈ మాటకి వేరువేరు రూపాలున్నాయి. ఒక రూపంలో అడ్డుపడి పొంగిన ఏరు ఉంటుంది. ఇంకోదాంట్లో ఇంటి కప్పు కింద నిప్పు. మరోదాంట్లో ఆయుధం, అంటే యుద్ధం. ఇల్లు కాలటం, ఊరు మునగటం, సైన్యం వచ్చి పడటం - ఆ కాలపు మనిషికి తెలిసిన పెద్ద కీడులు మూడూ ఇవే. జపాన్‌లో వరద-నిప్పు రూపం స్థిరపడింది. నేటి చైనాలో సరళం చేసిన లిపిలో ఇంటి కప్పు కింద నిప్పు రూపాన్ని తీసుకున్నారు. అందువల్ల ఒకే మాటని రెండు దేశాలు రెండు బొమ్మలుగా రాస్తున్నాయి. మన వృత్తి వాళ్ళ కోసం ఒక ముక్క: యూనికోడ్‌లో ఈ రెండూ పక్కపక్క ఇళ్ళల్లోనే ఉంటాయి. జపాన్ రూపం సంఖ్య 707డి, చైనా సరళ రూపం సంఖ్య 707ఇ.

ఎలా పలకాలి?

చాలా కంజిలకి ఉన్నట్టే దీనికీ రెండు ఉచ్చారణలున్నాయి. ఇంకో కంజితో కలిసి సమాసంగా వచ్చినప్పుడు చైనా నుంచి వచ్చిన పలుకుబడి: 'సై'. ఒంటరిగా వాడినప్పుడు అచ్చ జపాన్ మాట: 'వజవై'. మనం "జలం" అనే సంస్కృతం మాటని సమాసాల్లోనూ, "నీళ్ళు" అని ఇంట్లోనూ వాడుకున్నట్టే అనుకోండి.

'వజవై' అనే మాటలో 'వజ' అంటే కంటికి కనపడని శక్తి చేసే పని అని పూర్వార్థం చెప్తారు. చివరనున్న 'వై' ఇంకో మాటలో కూడా వస్తుంది. అది 'సైవై'. అర్థం అదృష్టం, శుభం. అంటే జపాన్ భాషలో శుభానికీ అశుభానికీ తోక ఒకటే.

ఒకే శబ్దానికి బోలెడు అర్థాలుండటం ఈ భాషతో వచ్చే తంటా. కంప్యూటర్లో 'తెన్‌సై' అని కొడితే మెషీను రెండు మాటలు ముందుకు తోస్తుంది. ఒకటి ప్రకృతి విపత్తు, రెండోది మేధావి. మా ప్రొఫెసర్ గారిని పొగుడుతూ ఈమెయిల్ రాసి, చూసుకోకుండా ఎంటర్ కొట్టి, ఆయన్ని ప్రకృతి వైపరీత్యంగా వర్ణించిన ఘనత నాది. ఆయన మంచివారు కాబట్టి "రెండూ నిజమే" అని జవాబిచ్చారు. ఇక 'కసై' అంటే అగ్నిప్రమాదం. మన 'కసాయి'కి దగ్గరగా ఉంది కాబట్టి ఈ మాట తెలుగువాళ్ళు జన్మలో మర్చిపోరు.

ఏ మాటల్లో వస్తుంది?

'సై' వచ్చే మాటలు పేపర్లో, టీవీలో, గోడల మీద ప్రతిరోజూ కనిపిస్తాయి. ముఖ్యమైనవి చూద్దాం.

సైగై: విపత్తు. ప్రభుత్వ భాషలో వాడే మాట ఇదే. 1959లో ఇసె అఖాతం తుఫాను 5 వేలమందికి పైగా పొట్టనబెట్టుకుంది. ఆ దెబ్బతో 1961లో విపత్తులని ఎదుర్కోవటానికి ఒక మూల చట్టం చేశారు. ఆ చట్టం పేరులో మొదటి మాట 'సైగై'. మన దివిసీమవాళ్ళకి 1977 నవంబర్ 19 ఎలాంటిదో, వాళ్ళకి ఆ తుఫాను అలాంటిది.

షిన్‌సై: భూకంపం వల్ల వచ్చిన విపత్తు. ఇక్కడొక మంచి తేడా ఉంది. భూమి కదలటం 'జిషిన్'. అది మనిషి బతుకుని కూల్చినప్పుడు 'షిన్‌సై'. ఎడారిలో ఎవరూ లేనిచోట భూమి ఎంత ఊగినా అది జిషినే. 1995 జనవరి 17న కోబె నగరాన్ని కూల్చి 6,400 మందికి పైగా చంపినదానినీ, 2011 మార్చి 11న సునామీతో వచ్చినదానినీ మహా షిన్‌సై అని పిలుస్తారు. అంటే 'సై' అనే అక్షరం ప్రకృతి గురించి కాదు, దాని దారిలో నిలబడ్డ మనుషుల గురించి.

తెన్‌సై, జిన్‌సై: మొదటిది ఆకాశం నుంచి వచ్చిన కీడు, రెండోది మనిషి చేతుల్లోంచి వచ్చిన కీడు. ప్రమాదం జరిగాక జపాన్ పత్రికల్లో మొదలయ్యే మొదటి చర్చ ఇదే. ఇది తెన్‌సైయా, జిన్‌సైయా? వాన పడటం తెన్‌సై. నీళ్ళు పోయే దారి లేకుండా కట్టుకోవటం జిన్‌సై. మనం "అంతా విధి" అనేసి ఊరుకునేచోట ఈ రెండో మాట ఎవరో ఒకరిని లేచి నిలబడి జవాబు చెప్పమంటుంది.

హిసైష: విపత్తులో దెబ్బతిన్నవారు. ఇల్లు పాడైన కుటుంబానికి మునిసిపాలిటీ 'రిసై' ధ్రువపత్రం ఇస్తుంది. ఇల్లు ఎంతవరకు పాడయిందో అందులో ఉంటుంది. సహాయం అందాలంటే ఆ కాగితం కావాలి.

రోసై: పనిచేసేచోట కార్మికుడికి జరిగే ప్రమాదం. దానికిచ్చే పరిహారం బీమా చట్టం 1947 నాటిది. గల్ఫ్‌లో కష్టపడుతున్న మనవాళ్ళు ఎంతమందో ఉన్నారు కాబట్టి ఈ మాట ప్రత్యేకంగా చెప్పాలనిపించింది.

బోసై: కీడుని ఆపటం, దానికి ముందుగా సిద్ధపడటం. నా ఎర్ర సంచి మీదున్న రెండక్షరాలు ఇవే! 1923 సెప్టెంబర్ 1న టోక్యో ప్రాంతంలో వచ్చిన మహా భూకంపంలో లక్షమందికి పైగా పోయారు. వాళ్ళలో ఎక్కువమంది భూకంపానికి కాదు, తర్వాత రేగిన మంటలకి. మధ్యాహ్నం భోజనాల వేళ కావటంతో ఇళ్ళల్లో పొయ్యిలు వెలుగుతున్నాయి. 1960 నుంచి ఆ తారీఖుని 'బోసై' రోజుగా పాటిస్తున్నారు. చిన్నపిల్లలతో సహా బయటకి వెళ్ళటం, బల్లకింద దూరటం అభ్యాసం చేస్తారు.

సామెతల్లో కూడా ఉంది. "నోరే కీడుకి మూలం" అని ఒకటి. మనం "నోరు మంచిదైతే ఊరు మంచిది" అంటాం కదా, అదే. "కీడుని తిప్పి మేలు చేసుకో" అని ఇంకొకటి.

దాని అన్నదమ్ములు

కీడుకి జపాన్ భాషలో ఇంకా కొన్ని అక్షరాలున్నాయి. ఒకదాని బదులు ఒకటి వాడితే నవ్వులపాలవుతాం.

'క': దీన్ని కూడా విడిగా 'వజవై' అనే చదువుతారు. ఎడమపక్క దైవానికి సంబంధించిన గుర్తు ఉంటుంది. యుద్ధం తెచ్చిన కీడు 'సెన్‌క'. నోరుజారి తెచ్చుకున్న కీడు 'జెక్క'. 2020లో కరోనా వచ్చినప్పుడు దేశమంతా 'కొరొనా-క' అన్నారు. పెద్దగా వాడుకలో లేని అక్షరం ఒక్కసారి రోజూ రాయాల్సి వచ్చేసరికి, చాలామంది దానిలా కనిపించే సుడిగుండం అక్షరాన్నీ, వంటగిన్నె అక్షరాన్నీ రాసేశారు. "కరోనా గిన్నె" ఏమిటని జోకులు వేసుకున్నారు. అన్నట్టు, ఈ 'క' అక్షరానికీ, శుభం అని అర్థమొచ్చే 'ఫుకు' అక్షరానికీ ఎడమభాగం ఒకటే. రెండింటికీ గీతలు పదమూడే. మేలూ కీడూ పేనిన తాడులాంటివని సామెత కూడా ఉంది. మనం "కలిమిలేములు కావడికుండలు" అంటాం. వాళ్ళది తాడు, మనది కావడి.

'యకు': ఇది మన 'గండం'. మగవాళ్ళకి 25, 42, 61. ఆడవాళ్ళకి 19, 33, 37 గండం వయసులు. పుట్టగానే ఒకటి, ప్రతి కొత్త సంవత్సరానికి ఇంకొకటి చొప్పున లెక్కపెట్టే పాత పద్ధతి వయసు ఇది. వీటిల్లో మగవాళ్ళకి 42, ఆడవాళ్ళకి 33 గట్టివి. 42ని అంకెలుగా చదివితే 'షి-ని', చచ్చిపోవటం అనే మాటలా వినిపిస్తుంది. 33 'సన్‌జన్', అంటే ఘోరం. అసలు ఏడాదికి ముందొక ఏడాది, వెనకొక ఏడాది కూడా జాగ్రత్తగా ఉండాలంటారు. ఏలినాటి శని ఏడున్నరేళ్ళు అనుభవించే మనకి మూడేళ్ళంటే తక్కువే!

'క్యో': చెడు జాతకం, అశుభం. గుళ్ళలో డబ్బులు వేసి చీటీ తీస్తే మహాశుభం నుంచి అశుభం దాకా ఏదో ఒకటి వస్తుంది. 'క్యో' వచ్చినవాళ్ళు ఆ చీటీని ఇంటికి తెచ్చుకోకుండా గుడి ఆవరణలో కట్టిన తీగకి ముడివేసి వస్తుంటారు. టోక్యోలోని సెన్‌సో-జి గుడిలో 'క్యో'లు ఎక్కువ వస్తాయని పేరు. నాకూ వచ్చింది. మా ల్యాబ్ మిత్రుడు "అడుగుకి దిగావు, ఇక పైకే" అని ఓదార్చాడు.

క్లుప్తంగా: బయటనుంచి వచ్చిపడే విపత్తు 'సై', యుద్ధమో మాటో మహమ్మారో తెచ్చే కీడు 'క', వయసుతో జాతకంతో వచ్చే గండం 'యకు', శకునం చెప్పే చెడు 'క్యో'. మనకీ ఇంత సంపద ఉంది: ఆపద, విపత్తు, ఉపద్రవం, అరిష్టం, గండం, కీడు. హైదరాబాదు వాళ్ళకి 'ముసీబత్' అదనం. అది ఇక్కడి అరబ్బీలో 'ముసీబా'. తగలటం అనే ధాతువు నుంచి వచ్చిన మాట. వచ్చి తగిలేదే ముసీబత్.

శాంతి హోమం టోక్యో దాకా

'సై' అక్షరంతో అక్కడ అందరూ మంచిగా వాడే మాట ఒకటుంది: 'సొకుసై'. కీడుని శాంతింపజెయ్యటం అని. "ముబ్యో సొకుసై", అంటే రోగం లేకుండా కీడు లేకుండా ఉండాలని కోరుకుంటారు. ఇది బౌద్ధం నుంచి వచ్చిన మాట. అక్కడి షింగోన్ శాఖ గుళ్ళలో అగ్నిగుండం ముందు కూర్చుని కట్టెపుల్లలు వేస్తూ మంత్రాలు చదివే క్రతువుని 'గొమ' అంటారు. 'గొమ' మన 'హోమ' శబ్దమే! అందులో 'సొకుసై' రకాన్ని సంస్కృతంలో 'శాంతికం' అంటారు. టోక్యో పక్కన కవసకి దైషి గుడికి గండం వయసువాళ్ళు ఇలాంటి గొమ చేయించుకోవటానికి వెళ్తారు. మొదటిసారి చూసినప్పుడు నాకు మా ఊళ్ళో గ్రహశాంతి చేయించే పంతులు గారే గుర్తుకొచ్చారు. అక్కడ చేతికి కంకణం కట్టలేదు, అంతే తేడా.

రెండుసార్లు 'సంవత్సరపు అక్షరం'

1995 నుంచి జపాన్ కంజి పరీక్షల సంస్థ ప్రతి డిసెంబర్లో ప్రజల ఓట్లతో ఆ ఏడాదిని చెప్పే ఒక్క అక్షరాన్ని ఎంపిక చేస్తోంది. క్యోటోలోని కియొమిజు గుడిలో అక్కడి పెద్దస్వామి పెద్ద కాగితం మీద లావుపాటి కుంచెతో దాన్ని రాస్తారు. టీవీలన్నీ చూపిస్తాయి. మొదటి ఏడాది అక్షరం 'షిన్', కంపించటం. కోబె భూకంపం జరిగిన ఏడాది అది.

'సై' రెండుసార్లు ఎంపికయింది. మొదటిది 2004లో. ఆ ఏడాది రికార్డుగా పది తుఫాన్లు జపాన్ నేలని తాకాయి. ఆగస్టులో మిహమ అణువిద్యుత్ కేంద్రంలో ఆవిరి గొట్టం పగిలి ఐదుగురు పోయారు. అక్టోబర్ 23న నిగత భూకంపం. ఏడాది అయిపోవస్తోందని అక్షరం రాసి ప్రకటించిన రెండు వారాలకి, డిసెంబర్ 26న, హిందూ మహాసముద్రంలో సునామీ లేచి మన కోస్తాని కూడా తాకింది. కీడు క్యాలెండర్ చూసుకుని రాదు.

రెండోది 2018లో. జూన్‌లో ఒసక భూకంపం, జూలైలో పశ్చిమ జపాన్ వరదలు, అదే జూలై 23న కుమగయలో 41.1 డిగ్రీల ఎండ, సెప్టెంబర్ 4న తుఫానుకి కన్సయ్ విమానాశ్రయం రన్‌వే మునక, రెండు రోజులకే హొక్కైదోలో భూకంపం. సుమారు 1 లక్షా 93 వేల ఓట్లలో 20 వేలకి పైగా ఈ అక్షరానికే పడ్డాయి. ఏడాదిని తల్చుకుని కీడు అక్షరాన్ని ఓటేసి మరీ ఎన్నుకోవటం మనవాళ్ళకి వింతగా ఉంటుంది. ఉగాదినాడు పంచాంగశ్రవణంలో అవమానం ఎంతో, వ్యయం ఎంతో బాహాటంగా చదివించుకునే మనకి మరీ అంత వింత కూడా కాదులెండి.

చెప్పకూడని మాటలు, రాయాల్సిన మాటలు

జపాన్ వాళ్ళు అశుభం పలకటానికి భయపడరు అనుకుంటే పొరపాటే. వాళ్ళకీ మాటలో ప్రాణం ఉంటుందన్న నమ్మకం ఉంది. పెళ్ళివిందు "అయిపోయింది" అనరు, "తెరుచుకుంది" అంటారు. ఎండబెట్టిన స్క్విడ్ చేపని 'సురుమె' అంటారు. అందులో 'సురు' అంటే పోగొట్టుకోవటం అనే అర్థం కూడా వస్తుందని పేరు మార్చి 'అతరిమె' అంటారు. ఇందులో 'అతరి' అంటే తగలటం, గెలవటం. చావు ఇంటికి వెళ్ళినప్పుడు "మళ్ళీ మళ్ళీ" అనే అర్థమొచ్చే మాటలు వాడరు, కీడు మళ్ళీ వస్తుందని.

మనవాళ్ళు వీళ్ళకి ఏమీ తీసిపోరు. దీపం ఆరిపోదు, కొండెక్కుతుంది. బియ్యం అయిపోవు, నిండుకుంటాయి. ఎవరింటి నుంచైనా బయల్దేరేటప్పుడు వెళ్ళిపోం, వెళ్ళొస్తాం. చెడుమాట నోట్లోంచి వస్తే చాలు, పైన తథాస్తు దేవతలు ఉంటారని అమ్మ నోరు మూయించేది.

అయితే ఒక్కచోట తేడా ఉంది. జపాన్ వాళ్ళు విందులో చెప్పకూడని మాటని సంచి మీద రాసి తలుపు వెనక తగిలిస్తారు. మనం విందులోనూ చెప్పం, తలుపు వెనకా తగిలించం. "కీడెంచి మేలెంచు" అన్న సామెత మాత్రం మన పెద్దలదే! సామెత మన దగ్గరుంది, సంచి వాళ్ళ దగ్గరుంది.

అల్ నహ్దాలో ఆ అక్షరం

ఇంతకీ ఇక్కడి కథకి వస్తాను. అల్ నహ్దా దుబాయ్, షార్జా రెండింటి సరిహద్దు మీద ఉంది. అటు దుబాయ్ నహ్దా, ఇటు షార్జా నహ్దా. పొద్దున్నే దుబాయ్ ఉద్యోగానికి వెళ్ళి, అద్దె తక్కువని రాత్రికి షార్జా వైపు నిద్రపోయే కుటుంబాలు వేలల్లో. మన తెలుగువాళ్ళకి కొదవలేదు. లిఫ్ట్‌లో ఎవరో ఒకరు "ఏ ఊరండీ మీది?" అనకుండా పై అంతస్తు రాదు.

2020 మే 5 రాత్రి షార్జా నహ్దాలో నలభైకి పైగా అంతస్తులున్న అబ్కో టవర్ బయటగోడ వెంట మంటలు పైకి పాకాయి. లాక్‌డౌన్ రోజులు, రంజాన్ నెల, అందరూ ఇళ్ళల్లోనే ఉన్నారు. అదృష్టం బాగుండి ఎవరూ చనిపోలేదు. 2024 ఏప్రిల్ 4 రాత్రి, మళ్ళీ రంజాన్‌లోనే, షార్జా నహ్దాలో ఇంకో ఎత్తైన భవనంలో నిప్పంటుకుంది. ఈసారి ఐదుగురు పోయారు, 44 మంది గాయపడ్డారు. వాళ్ళలో భారతీయులూ ఉన్నారు.

సరిగ్గా పన్నెండు రోజులకి, ఏప్రిల్ 16న, ఆకాశం విరిగిపడింది. అల్ ఐన్ దగ్గర ఖత్మ్ అల్ షక్లాలో 24 గంటలు తిరక్కుండా 254 మిల్లీమీటర్ల వాన పడింది. ఈ దేశంలో 1949లో లెక్కలు మొదలైనప్పటి నుంచీ అంత వాన లేదు. షార్జా నహ్దా, మజాజ్, కాసిమియా వీధుల్లో నీళ్ళు రోజుల తరబడి నిలిచాయి. బేస్‌మెంట్లు మునిగాయి, చాలా భవనాలకి కరెంటు పోయింది, లిఫ్ట్‌లు ఆగాయి. రబ్బరు పడవల్లో మనుషులు వెళ్ళటం చూశాం. పై అంతస్తుల్లో వయసైన అమ్మానాన్నలున్న ఇళ్ళకి కుర్రాళ్ళు నీళ్ళ డబ్బాలు భుజాన వేసుకుని మెట్లెక్కారు. ఆ కుర్రాళ్ళలో కేరళ వాళ్ళు, పాకిస్తాన్ వాళ్ళు, మనవాళ్ళు అందరూ ఉన్నారు.

మూడో రోజు సాయంత్రం కొవ్వొత్తి వెలుగులో మా అబ్బాయి హోంవర్క్ నోట్‌బుక్ వెనక పేజీలో ఊరికే ఆ అక్షరం రాశాను. పైన మూడు విరుపు గీతలు, నీళ్ళు. కింద నాలుగు గీతలు, నిప్పు. పన్నెండు రోజుల్లో మా పేటకి వచ్చిన రెండూ అందులో ఉన్నాయి. వేల ఏళ్ళ కిందట ఎవరో రాసిన బొమ్మ మా వీధిది. "అదేంటి నాన్నా?" అన్నాడు వాడు. ఎప్పుడూ అయితే "ఏం లేదు" అనేవాడిని. ఆరోజు చెప్పాను. చెప్పగానే వాడు అడిగిన ప్రశ్న: "మరి నిప్పొస్తే మనం ఎటు వెళ్ళాలి?"

నాకు తెలీదు. ఆ భవనంలో నాలుగేళ్ళుగా ఉంటున్నాను. ఆఫీసులో సర్వర్లు పోతే ఎన్ని నిమిషాల్లో ఇంకోచోట లేపాలో పేజీలకి పేజీలు రాసి, ఆరునెలలకోసారి పరీక్షించేది మా టీమే. నా ఇంట్లోవాళ్ళకి మాత్రం అత్యవసర మెట్లు కారిడార్లో ఏ చివరన ఉన్నాయో చెప్పలేకపోయాను. మర్నాడు టార్చి పట్టుకుని వెతికితే మెట్ల తలుపు ముందు ఎవరివో అట్టపెట్టెలు, ఒక పాత పిల్లల సైకిలు. ఆ సైకిలు మాదే.

సంచిలో ఏముండాలి?

అందుకే ఇప్పుడు మా ఇంట్లో తలుపు వెనక ఒక సంచి ఉంది. జపాన్ పద్ధతిని మన అవసరాలకి మార్చుకున్నది. మీకూ పనికొస్తుందని రాస్తున్నాను.

పాస్‌పోర్టులు, ఎమిరేట్స్ ఐడీలు, పిల్లల సర్టిఫికెట్ల నకళ్ళు ప్లాస్టిక్ కవర్లో. అమ్మానాన్నల బీపీ, షుగర్ మందులు వారానికి సరిపడా. టార్చి, పవర్ బ్యాంక్, కాస్త నగదు. మనిషికి రెండు సీసాల నీళ్ళు. ముఖ్యమైన ఫోన్ నంబర్లు కాగితం మీద, ఎందుకంటే ఫోను ఆగిపోతే మన భార్య నంబరు కూడా మనకి గుర్తుండదు. అగ్నిమాపక దళం 997, అంబులెన్స్ 998, పోలీసు 999.

మంట వస్తే లిఫ్ట్ ఎక్కకూడదు. బయటకి వచ్చేటప్పుడు తలుపు మూసి రావాలి, పొగ ఆలస్యమవుతుంది. మెట్ల దారిలో సామాను పెట్టకూడదు, ఎవరైనా పెడితే వాచ్‌మన్‌కి చెప్పి తీయించాలి. బయట ఎక్కడ కలుసుకోవాలో ఇంట్లో అందరూ ముందే అనుకోవాలి. జపాన్‌లో విపత్తు వేళ 171కి ఫోన్ చేసి "నేను క్షేమం" అని మాట రికార్డు చేసి పెట్టొచ్చు, ఇంట్లోవాళ్ళు తర్వాత వింటారు. 1998 నుంచి నడుస్తున్న ఏర్పాటు అది. మనం ఊళ్ళో ఒక బంధువుని అందరికీ ఉమ్మడి కబురు మనిషిగా పెట్టుకుంటే చాలు. మేము మా పిన్నిని పెట్టుకున్నాం. ఆవిడకి చెప్తే ఊరందరికీ చెప్పినట్టేనని మీరే అర్థం చేసుకోండి.

ఇదంతా చూసి మొన్న వచ్చిన మా అత్తగారు "శుభమా అని ఇంట్లో ఇదేంటి బాబూ?" అన్నారు. "కీడెంచి మేలెంచమన్నారు కదా అత్తయ్యా" అన్నాను. ఆవిడ ఏమీ అనలేదు. మర్నాడు చూస్తే సంచిలో ఒక చిన్న కుంకుమ పొట్లం, ఆవిడ మోకాళ్ళ నొప్పుల మాత్రలు చేరాయి.

జపాన్‌లో "ఇచిబ్యో సొకుసై" అని ఒక మాట ఉంది. ఏ జబ్బూ లేనివాడి కంటే ఒక జబ్బు ఉన్నవాడే ఒళ్ళు జాగ్రత్తగా చూసుకుని ఎక్కువకాలం బతుకుతాడని అర్థం. మా పేట ఇప్పుడు ఆ ఒక జబ్బు ఉన్న మనిషి లాంటిది. దాని పేరు నహ్దా. అరబ్బీలో ఆ మాటకి లేచి నిలబడటం అని అర్థం. ఈ వారాంతంలో ఒక అరగంట కేటాయించి మీ పిల్లల్ని వెంటబెట్టుకుని మీ భవనం మెట్లన్నీ ఒక్కసారి కిందదాకా దిగి చూడండి. సైకిలు కనిపిస్తే, అది ఎవరిదైనా సరే, పక్కకి తీయండి.